పాత బీఎండబ్ల్యూ ఈ30కి మాఫ్ సెన్సర్: ఫ్లాప్ మీటర్ తీసి హాట్ ఫిల్మ్ పెట్టడం, మొదటి నుంచి చివరి దాకా

"అన్నా, ఏఎఫ్‌ఎం పోయింది, మంచిది ఎక్కడా దొరకట్లేదు, మాఫ్ పెట్టేయొచ్చా?" ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంది. ఏఎఫ్‌ఎం అంటే ఇంజిన్‌లోకి పోయే గాలిని రేకు తలుపుతో కొలిచే పాత ఫ్లాప్ మీటర్, మాఫ్ అంటే గాలి ద్రవ్యరాశిని నేరుగా కొలిచే సెన్సర్. పెట్టొచ్చు. కానీ సెన్సర్ బిగించడం ఒక పూట పని, దాన్ని ఇంజిన్‌ని నడిపే పాత కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయడమే అసలు పని, చాలామంది బండ్లు సగంలో ఆగిపోయేది అక్కడే.

ఇక్కడ చెప్పేదంతా నేను చేసిన 325ఐ బండి లెక్కన: ఎం20బీ25 ఇంజిన్, 2.5 లీటర్లు, ఆరు సిలిండర్లు, బోష్ మోట్రానిక్ 1.3 ఇంజిన్ కంప్యూటర్. ఎల్-జెట్రోనిక్ (అంతకన్నా పాత బోష్ ఇంజెక్షన్ వ్యవస్థ) ఉన్న డాట్సన్ 280జడ్ లాంటి బండ్లకి తేడా వచ్చే చోట విడిగా చెప్పాను. ఊళ్లో పాత కార్బురేటర్ అంబాసిడర్, పద్మిని ఉన్నవాళ్లు అడుగుతున్నారు, వాటిలో మార్చడానికి గాలి మీటరే లేదు, కాబట్టి ఇది మీకు పనికిరాదు.

1. ముందు తేల్చుకోవాల్సింది: మీకు ఇది అవసరమా?

పాత మీటర్‌లో స్ప్రింగ్ ఉన్న ఒక రేకు తలుపు ఉంటుంది. గాలి దాన్ని తోస్తుంది, అది ఎంత తెరుచుకుందో కార్బన్ ట్రాక్ మీద పాకే చిన్న ముల్లు ఓల్టేజీగా చెబుతుంది. 30 ఏళ్లు ఒకే చోట, అంటే ఐడిల్ (బండి నిలబడి ఇంజిన్ మెల్లగా తిరగడం) దగ్గరా మెల్లగా పోయే వేగం దగ్గరా, ఆ ముల్లు రుద్దీ రుద్దీ ట్రాక్ అరిగిపోతుంది.

హాట్ ఫిల్మ్ మాఫ్‌లో కదిలే భాగం ఏదీ లేదు. వేడెక్కించిన పలుచని పొర మీదుగా గాలి పోతుంది, అది ఎంత వేడిని ఎత్తుకుపోతోందో దాన్నిబట్టి గాలి ద్రవ్యరాశి తెలుస్తుంది. ఎత్తైన కొండదారిలో గాలి పలచబడినా లెక్క తప్పదు.

పవర్ కోసమే అయితే మాత్రం ఆశ పెట్టుకోవద్దు. స్టాక్ (ఏ మార్పూ చేయని) ఎం20కి ఈ మార్పు వల్ల వచ్చే హార్స్‌పవర్ చాలా తక్కువ. క్యామ్‌షాఫ్ట్ మార్చారు, ఇంజిన్‌ని 2.7 లేదా 2.8 లీటర్లు చేశారు, లేదా మీ ఏఎఫ్‌ఎం నిజంగా చచ్చిపోయింది, అప్పుడే దీనికి అర్థం ఉంది.

ఏఎఫ్‌ఎం చచ్చిందో లేదో ఇలా చూడండి. కనెక్టర్ తీయకుండానే మీటర్‌ని ఎయిర్‌బాక్స్ (ఫిల్టర్ ఉండే డబ్బా) నుంచి విడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, సిగ్నల్ వైరు మీద మల్టీమీటర్ పెట్టి తలుపుని వేలితో చాలా మెల్లగా తోయండి. ఓల్టేజీ సాఫీగా ఎక్కాలి. మధ్యలో ఒక్కసారి పడిపోయి మళ్లీ లేచిందంటే ట్రాక్ పోయినట్టు. ముల్లున్న మల్టీమీటర్ దాన్ని గుర్తుపడుతుంది, డిజిటల్ మీటర్ ఆ చిన్న గెంతుని మింగేస్తుంది, అందుకే ఈ ఒక్క పరీక్షకి నేను పాత ముల్లు మీటరే వాడతాను.

2. బండిని ముందు ఆరోగ్యంగా చేయండి

ఇది దాటేసి ముందుకు వెళ్లొద్దు. మాఫ్ తన గుండా పోయిన గాలినే లెక్కపెడుతుంది. తర్వాత ఎక్కడో చీలిక లోంచి దూరిన గాలి సంగతి దానికి తెలియదు. గాలి లీకు ఉన్న బండికి కొత్త సెన్సర్ పెడితే ఆ లీకుని కూడా కలిపి ట్యూన్ చేస్తారు, ఆర్నెల్ల తర్వాత ఆ గొట్టం మారిస్తే ట్యూన్ మొత్తం తప్పుతుంది.

నా బండిలో తప్పు ఏఎఫ్‌ఎంకీ థ్రాటిల్‌కీ మధ్య ఉన్న రబ్బరు మోచేతి గొట్టంలో ఉంది. బయట నుంచి చూస్తే బాగానే ఉంది. విప్పి రెండు చేతులతో వెనక్కి వంచితే మడత లోపల మూడంగుళాల చీలిక నోరు తెరిచింది. ఇంజిన్ బరువు మీద వెనక్కి ఊగిన ప్రతిసారీ, అంటే యాక్సిలరేటర్ నొక్కిన ప్రతిసారీ, అది తెరుచుకునేది. అంతకు ముందు నెల రోజులు నేను ఏఎఫ్‌ఎంని తిట్టుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు చెక్‌లిస్టు:

☐ ఆ రబ్బరు గొట్టం విప్పి, వంచి, మడతల లోపల చూశారా
☐ స్మోక్ టెస్ట్ చేశారా (ఇన్‌టేక్ మూసి పొగ ఎక్కించి ఎక్కడ బయటికొస్తుందో చూడటం)
☐ ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే ఇంజిన్ తడబడుతోందా. తడబడితే మంచిది, సీల్ బాగుంది. తేడా రాకపోతే ఇంకెక్కడో లీకు ఉంది: డిప్‌స్టిక్ ఓ-రింగ్, వాల్వ్ కవర్ గాస్కెట్ చూడండి
☐ ఫ్యూయెల్ ప్రెషర్: రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీసినప్పుడు 3 బార్, పెట్టినప్పుడు ఐడిల్‌లో సుమారు 2.5
☐ కంప్యూటర్‌కి వెళ్లే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్: 20 డిగ్రీల దగ్గర 2.2 నుంచి 2.7 కిలోఓమ్‌లు, 80 దగ్గర సుమారు 300 ఓమ్‌లు
☐ ఆరు సిలిండర్ల కంప్రెషన్ దగ్గర దగ్గరగా ఉందా
☐ టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం ఉందా. ఎం20లో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. ఎప్పుడు మార్చారో తెలియని బెల్ట్‌తో ఫుల్ థ్రాటిల్ పరీక్షలు చేయకండి

3. ఏ దారిలో వెళ్లాలి

మూడు దారులున్నాయి. మొదటిది, మాఫ్ సిగ్నల్‌ని ఏఎఫ్‌ఎం సిగ్నల్‌గా మార్చే కన్వర్టర్ బాక్స్, పాత కంప్యూటర్ అలాగే ఉంటుంది. రెండోది, అదే కంప్యూటర్‌లో చిప్ మార్చి మాఫ్ కర్వ్ (ఎంత ఓల్టేజీకి ఎంత గాలి అన్న లెక్క) రాయించుకోవడం. మూడోది, మెగాస్క్వర్ట్ లాంటి స్టాండ్‌అలోన్, అంటే పాతదాని బదులు పెట్టే వేరే కంప్యూటర్.

ఇంజిన్ స్టాక్‌గా ఉంటే మొదటిది. క్యామ్, పెద్ద ఇంజెక్టర్లు ఉంటే నేరుగా మూడోదానికి వెళ్లండి, ఎందుకో 8వ అంకంలో చెప్తాను. చిప్ దారి మంచిదే, కానీ రాసినవాళ్లు మీ మాఫ్‌కే, మీ గొట్టం సైజుకే రాశారని రూఢి చేసుకోవాలి. ఇక్కడి నుంచి నేను కన్వర్టర్ దారినే చెప్తున్నాను.

4. సెన్సర్ ఎంపిక

ఎంత పెద్దది కావాలో లెక్క చాలా సులువు. 2.5 లీటర్ల ఇంజిన్ రెండు తిరుగుళ్లకి ఒకసారి తన సైజంత గాలి పీలుస్తుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 7,500 లీటర్లు. అందులో 95 శాతం నిండుతుందనుకుంటే గంటకి 425 ఘనపు మీటర్ల పైన. ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. అంటే గంటకి దాదాపు 500 కిలోలు.

బోష్ హెచ్‌ఎఫ్‌ఎం5 సెన్సర్లు 370, 480, 640 ఇలా గంటకి ఇన్ని కిలోలని రకాలుగా వస్తాయి. 480 సరిపోదు. 640 తీసుకోండి. 1000 ఇంకా మంచిది కదా అనుకోవద్దు, గొట్టం పెద్దదయ్యేకొద్దీ ఐడిల్‌లో గాలి వేగం తగ్గి సిగ్నల్ అడుగునే పాకుతుంది, అక్కడ ట్యూన్ చేయడం నరకం.

హెచ్‌ఎఫ్‌ఎం5 ఎందుకంటే ఓల్టేజీ సిగ్నల్ ఇస్తుంది, వెనక్కి కొట్టే గాలిని గుర్తుపడుతుంది, ఓల్టేజీకి ఎన్ని కిలోలో చెప్పే పట్టిక దొరుకుతుంది. జనరల్ మోటార్స్ (జీఎం) ఎల్‌ఎస్ ఇంజిన్ల మాఫ్‌లు ఫ్రీక్వెన్సీలో మాట్లాడతాయి, మీ కన్వర్టర్‌కి ఆ భాష రాకపోతే కొనకండి.

చవగ్గా దొరికిందని తెలియని చోట కొనకండి. నేను మొదట ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి తెప్పించింది అచ్చం అసలుదానిలాగే ఉంది, పెట్టె, లోగో, అన్నీ. గాలి లేనప్పుడు ఓల్టేజీ సరిగ్గానే చూపించింది. 4000 ఆర్‌పీఎం దాటాక మాత్రం అసలు సెన్సర్ కంటే తక్కువ చదివింది, అంటే ఇంజిన్ లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ). వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లో గాలి, పెట్రోలు పాళ్లు చూపే మీటర్) లేకపోతే నాకు తెలిసేదే కాదు.

5. సరుకు జాబితా

☐ మాఫ్ సెన్సర్, దాని గొట్టంతో సహా (విడిగా సెన్సర్ ముక్క కొని వేరే పైపులో పెడితే పట్టిక పనికిరాదు)
☐ కన్వర్టర్ బాక్స్, లాప్‌టాప్ కేబుల్
☐ వైడ్‌బ్యాండ్ లాంబ్డా మీటర్, బోష్ ఎల్‌ఎస్‌యూ 4.9 ఉన్నది
☐ చచ్చిన ఏఎఫ్‌ఎం ఒకటి. దాని సాకెట్ కోసి అడాప్టర్ వైరింగ్‌కి వాడాలి
☐ షీల్డ్ వైరు, 5 ఆంప్ ఫ్యూజు, రిలే, మంచి క్రింపింగ్ ప్లయర్
☐ 2.2 లేదా 2.4 కిలోఓమ్ రెసిస్టర్
☐ అగ్నిమాపక సిలిండర్, చేతికందే దూరంలో

చచ్చిన ఏఎఫ్‌ఎం సాకెట్ అన్నది ఊరికే కాదు. బండి హార్నెస్ ఒక్క వైరు కూడా కోయకండి. పాత ప్లగ్ ఆ సాకెట్‌లోకి వెళ్లాలి, అక్కడి నుంచి మీ వైరింగ్. దారిలో ఏదైనా ఆగితే పాత మీటర్ తిరిగి తగిలించి ఇంటికి రావచ్చు.

వైడ్‌బ్యాండ్ సెన్సర్‌ని కాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు పెట్టాలి. అడ్డంగా కాకుండా, కొన కిందికి ఉండేలా, కనీసం 10 డిగ్రీలు వాలుగా, లేకపోతే చలికాలంలో పైపులో పట్టిన నీటి చుక్క వేడి సెన్సర్‌ని పగలగొడుతుంది. కరెంటు ఇవ్వకుండా ఊరికే పైపులో వదిలేసి బండి నడిపినా పాడవుతుంది.

6. రెండు మీటర్లూ ఒకేసారి పెట్టి లాగ్ చేయండి

ఈ ఒక్క అడుగు వల్ల మీకు వారాలు మిగులుతాయి. ఇంజిన్ ఇంకా పాత ఏఎఫ్‌ఎం మీదే నడుస్తుంది. దాని ముందు మాఫ్ వరసగా కలపండి (మాఫ్ వైర్ల సంగతి 7వ అంకంలో ఉంది): ఫిల్టర్, మాఫ్, తిన్నటి పైపు, ఏఎఫ్‌ఎం, రబ్బరు గొట్టం, థ్రాటిల్. ఒకే గాలి రెండింటి గుండా పోతుంది. రెండు ఓల్టేజీలనీ ఒకేసారి రికార్డ్ చేస్తే, మీ బండికి సరిపోయే మార్పిడి పట్టిక మీ చేతిలోకి వచ్చేస్తుంది. ఎడమ హెడ్‌లైట్ వెనక ఇరుకే, ఎయిర్‌బాక్స్ తీసేసి తాత్కాలికంగా సర్దండి.

ఏఎఫ్‌ఎం ట్రాక్ పూర్తిగా చచ్చి ఉంటే ఒక వారానికి ఎవరి దగ్గరైనా మంచిది అరువు తెచ్చుకోండి.

ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, నడిపేవాళ్లు లాప్‌టాప్ చూడకూడదు. వాతావరణం 20 డిగ్రీల దగ్గర ఉన్న రోజు చూసుకోండి, ఎందుకో తర్వాతి అంకంలో ఉంది. ఐడిల్, 1500, 2000, 2500, ఇలా ఒక్కో చోట పది సెకన్లు నిలకడగా ఉంచండి. నిలకడ లేని చోట వచ్చిన అంకెలు తీసేయండి. యాక్సిలరేటర్ టక్కున నొక్కినప్పుడు రేకు తలుపు దాని ఊపులో అది కాస్త ఎక్కువే తెరుచుకుంటుంది, ఆ అంకెలు పట్టికలో చేరితే లోడ్ ఎక్కువ చూపిస్తుంది.

7. వైరింగ్, బిగింపు

హెచ్‌ఎఫ్‌ఎం5 పిన్నులు: 1 గాలి ఉష్ణోగ్రత, 2 పన్నెండు ఓల్టులు, 3 గ్రౌండ్, 4 ఐదు ఓల్టుల రిఫరెన్స్, 5 సిగ్నల్.

12 ఓల్టులు ఇగ్నిషన్‌తో ఆన్ అయ్యే రిలే నుంచి, ఫ్యూజుతో. గ్రౌండ్ బాడీ మీద ఎక్కడపడితే అక్కడ వద్దు, కంప్యూటర్ గ్రౌండ్ ఉన్న చోటికే తీసుకెళ్లండి. సిగ్నల్‌కి షీల్డ్ వైరు, షీల్డ్ ఒక్క కొసలోనే గ్రౌండ్ చేయాలి. స్పార్క్ ప్లగ్ వైర్ల పక్కన నడపకండి.

ఇప్పుడు ఉష్ణోగ్రత సంగతి. పాత మీటర్ గాలిని ఘనపరిమాణంగా చదువుతుంది కాబట్టి, గాలి వేడిగా ఉంటే కంప్యూటర్ ఇంధనం తగ్గిస్తుంది. మాఫ్ ఇచ్చేది ద్రవ్యరాశి, అందులో ఆ లెక్క ముందే అయిపోయింది. రెండూ కలిస్తే ఒకే దిద్దుబాటు రెండుసార్లు పడుతుంది: ఎండలో లీన్, చలిలో రిచ్ (పెట్రోలు ఎక్కువ). అందుకే పాత కంప్యూటర్ ఉష్ణోగ్రత ఇన్‌పుట్‌కి సరుకు జాబితాలోని ఆ రెసిస్టర్ శాశ్వతంగా పెట్టి, ఎప్పుడూ 20 డిగ్రీలే అని చెప్పాలి. మాఫ్ 1వ పిన్ను ఖాళీగా వదిలేయండి. మీ కన్వర్టర్ ఈ పని తనే చేస్తుందని తయారీదారు రాసి ఉంటే వాళ్లు చెప్పినట్టే చేయండి.

బిగించేటప్పుడు:

☐ సెన్సర్ ముందు కనీసం 15 సెంటీమీటర్లు వంపులేని పైపు
☐ గొట్టం మొదట్లో ఉండే జాలీ తీసేయలేదు కదా. గాలిని సమంగా చేసేది అదే
☐ గాలి బాణం గుర్తు థ్రాటిల్ వైపు
☐ ప్లగ్ అడుగు వైపు కాకుండా పక్కకో పైకో
☐ ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్ వద్దు, ఎక్కువైన ఆయిల్ పొర మీద పేరుకుంటుంది
☐ గొట్టం బరువు బ్రాకెట్ మీద ఉండాలి, రబ్బరు మీద కాదు

ఎల్-జెట్రోనిక్ బండ్లవాళ్లు ఇది తప్పక చదవండి. చాలా పాత మీటర్లలో రేకు తలుపు కదిలితేనే ఫ్యూయెల్ పంపుకి కరెంటు ఇచ్చే ఒక స్విచ్ ఉంటుంది, ప్లగ్‌లో 36, 39 నంబర్ల వైర్లు. మీటర్ తీసేస్తే పంపు ఆగిపోతుంది. కొందరు ఆ రెండు వైర్లూ కలిపేసి పని అయిపోయిందనుకుంటారు. అది ప్రాణం తీసే పని. బండి గుద్దుకుని ఇంజిన్ ఆగినా పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఇగ్నిషన్ పల్సులు ఆగగానే పంపు ఆపే రిలే పెట్టండి, దానికి తోడు ఇనర్షియా స్విచ్ (గుద్దుకున్న కుదుపుకి కరెంటు ఆపేది) కూడా. అలాగే ఆ మీటర్ల సిగ్నల్ బ్యాటరీ ఓల్టేజీకి నిష్పత్తిగా ఉంటుంది, కొన్నింటిలో గాలి పెరిగితే ఓల్టేజీ తగ్గుతుంది. మీ కన్వర్టర్ దానికి పనికొస్తుందో లేదో కొనేముందే అడగండి.

8. మొదటి స్టార్ట్, ట్యూనింగ్ వరస

పాత అడాప్టేషన్ (కంప్యూటర్ తనంతట తాను నేర్చుకున్న దిద్దుబాట్లు) పోయేలా బ్యాటరీ కాసేపు తీసి పెట్టండి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా 5వ పిన్ను చూడండి. గాలి కదలనప్పుడు సుమారు 1 ఓల్టు రావాలి. సున్నా వస్తే 12 లేదా 5 ఓల్టుల వైరు అందడం లేదు. ఫ్యాన్ గాలి, గ్యారేజీ తలుపు గాలి కూడా దాన్ని కదిలిస్తాయి, గొట్టం మూసి చూడండి.

ట్యూన్ చేసినంతసేపూ బండి సొంత ఆక్సిజన్ సెన్సర్ ప్లగ్ తీసేయండి. లేకపోతే మీ తప్పుని కంప్యూటర్ దిద్దేస్తూ కప్పిపుచ్చుతుంది.

వైడ్‌బ్యాండ్‌లో అంకెలు ఏఎఫ్‌ఆర్ (గాలి, పెట్రోలు నిష్పత్తి)లో కాకుండా లాంబ్డాలో పెట్టుకోండి. లాంబ్డా 1.00 అంటే పెట్రోలుకి సరిగ్గా సరిపడా గాలి, తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి 14.7 అన్న అంకె సరికాదు, లాంబ్డా 1.00 మాత్రం ఏ పెట్రోల్‌కైనా 1.00.

వరస ఇది, మార్చకండి:

a. వేడెక్కాక ఐడిల్: లాంబ్డా 1.00 చుట్టుపక్కల
b. నిలబడి ఉండగా 1500, 2500
c. రోడ్డు మీద నిలకడగా 80, 100 కిలోమీటర్ల వేగం
d. సగం థ్రాటిల్
e. చివరికే ఫుల్ థ్రాటిల్: 0.86 నుంచి 0.88. డైనో (బండిని నిలబెట్టి పవర్ కొలిచే యంత్రం) మీద అయితే మేలు

ఫుల్ థ్రాటిల్‌లో 0.92 దాటి లీన్‌కి పోతే వెంటనే కాలు తీసేయండి. ఇంకో సెకను చూద్దాం అనుకోవద్దు. ఎం20బీ25లో నాక్ సెన్సర్ (ఇంజిన్ లోపలి చప్పుడు గుర్తుపట్టేది) లేదు, ఇంజిన్‌ని కాపాడేది మీ కాలే.

ఇప్పుడు పెద్ద ఇంజెక్టర్ల సంగతి. పెద్దవి పెట్టి, ఇంధనం ఎక్కువైందని మాఫ్ సిగ్నల్‌ని కన్వర్టర్‌లో తగ్గిస్తే లాంబ్డా చక్కగా కుదురుతుంది. కానీ అదే సిగ్నల్‌తో కంప్యూటర్ లోడ్ లెక్క కడుతుంది. గాలి తక్కువ కనిపిస్తే, ఇంజిన్ మీద బరువు లేదనుకుని స్పార్క్ టైమింగ్ ముందుకి జరుపుతుంది. మీటర్లో అంకెలు అందంగా ఉంటాయి, లోపల పిస్టన్లు దెబ్బతింటుంటాయి. సిగ్నల్‌తో ఇంజెక్టర్లని సరిచేయకండి. దానికి చిప్‌లోనో స్టాండ్‌అలోన్‌లోనో ఇంజెక్టర్ సైజే మార్చాలి.

9. వచ్చే తప్పులు, వాటి మందు

యాక్సిలరేటర్ నొక్కగానే ఒక క్షణం మూగబోతుంది: ఇది దాదాపు అందరికీ వస్తుంది, సెన్సర్ చెడిందని తీసేస్తారు. పాత రేకు తలుపు ఊపులో ఎక్కువ తెరుచుకునేదని చెప్పాను కదా, ఆ ఎక్కువ వల్లే నొక్కగానే కాస్త అదనపు పెట్రోలు పడేది. మాఫ్ అలా అతిగా స్పందించదు. కన్వర్టర్‌లో ట్రాన్సియెంట్ సెట్టింగ్ (యాక్సిలరేటర్ నొక్కిన క్షణానికి అదనపు పెట్రోలు) ఉంటే కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి.

ఐడిల్ ఊగుతోంది: ముందు మళ్లీ లీకు చూడండి. లేకపోతే సిగ్నల్ అదురుతోంది. పాత మీటర్‌లో అదురుని ఆపే గాలి గది ఉండేది, ఇప్పుడు ఆ పని కన్వర్టర్ ఫిల్టర్ చేయాలి. ఫిల్టర్ మరీ పెంచితే పైన చెప్పిన మూగబోవడం ఎక్కువవుతుంది, కాబట్టి ఐడిల్ నిలబడేంత వరకే.

చల్లగా బాగుంది, వేడెక్కాక రిచ్: కూలెంట్ సెన్సర్. మాఫ్‌ని ముట్టుకోకండి.

ఒక్క 3000 దగ్గరే అంకెలు వంకరగా ఉన్నాయి: ఫిల్టర్ దగ్గర గాలి సుడి తిరుగుతోంది. ఫిల్టర్‌ని పావు వంతు తిప్పి మళ్లీ లాగ్ చేయండి. మారితే కారణం అదే, తిన్నటి పైపు పొడవు పెంచండి.

నెలలు గడిచేకొద్దీ లీన్ అవుతోంది: పొర మీద మురికి. మాఫ్ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రే ఒక్కటే వాడండి. బ్రేక్ క్లీనర్, గుడ్డ, ఇయర్‌బడ్ ఏదీ వద్దు.

10. రోడ్డు మీదికి తీసే ముందు

చట్టం సంగతి మీరుండే చోటుని బట్టి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకే స్మాగ్ (పొగ తనిఖీ) మినహాయింపు, ఈ30లన్నీ ఆ తర్వాతివే, అక్కడ అనుమతి నంబరు లేని మార్పు కంటితో చూసే తనిఖీలోనే ఆగిపోతుంది. జర్మనీలో హెచ్-నంబరు ప్లేటు (పాతకాలపు బండ్లకి ఇచ్చేది) ఉన్నవాళ్లు బోల్టు విప్పే ముందే తనిఖీ ఇంజినీర్‌తో మాట్లాడండి, పాతకాలానికి చెందని భాగం వల్ల ఆ ప్లేటు పోయే ప్రమాదం ఉంది.

ఆక్సిజన్ సెన్సర్ ప్లగ్ తిరిగి పెట్టండి. మరిచిపోయి నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు.

మొదటి 500 కిలోమీటర్లు వైడ్‌బ్యాండ్ తీయకండి. తర్వాత క్లాంపులన్నీ ఒకసారి మళ్లీ బిగించి, ప్లగ్గులు విప్పి ఆరింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే సరే. ఒకటి మాత్రం తెల్లగా ఉంటే అది మాఫ్ తప్పు కాదు, ఆ సిలిండర్ ఇంజెక్టరో, దాని ఇన్‌టేక్ గాస్కెట్టో చూడాలి.

కన్వర్టర్ పట్టిక రెండు చోట్ల దాచండి, ఒకటి కాగితం మీద రాసి గ్లవ్‌బాక్స్‌లో. పాత ఏఎఫ్‌ఎం గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టండి, దానితో పాటు 10 మిల్లీమీటర్ల స్పానర్ ఒకటి.